అపొల్లోకి తెలియనిది ఏంటి? సగం తెలిసినవాడు వాక్యం చెప్పొచ్చా?

వందనాలు బ్రదర్. మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చివర్లో అపొల్లో అనే ఆయన ఎఫెసుకి వచ్చి సమాజమందిరంలో ధైర్యంగా వాక్యం చెప్పాడు, కానీ ఆయనకి యేసుకి ముందు వచ్చిన యోహాను ఇచ్చిన బాప్తిస్మం ఒక్కటే తెలుసు అని రాసి ఉంది. అలాంటప్పుడు ఆయన చెప్పింది తప్పు బోధ అవుతుందా, ఆయనకి మళ్లీ బాప్తిస్మం ఇచ్చారా, దీన్ని బట్టి మీ సంఘంలో బాగా మాట్లాడతాడు గానీ సగమే తెలిసిన ఆ కుర్రాడిని మైకు దగ్గరకి రానివ్వాలా ఆపాలా అని. చివరిదే మీ అసలు ప్రశ్న అనుకుంటున్నా, మొదటి రెండూ దానికి దారి. నేను గోదావరి జిల్లాల్లో పల్లె పాస్టర్లకి, సువార్తికులకి ఈ పుస్తకం చాలా ఏళ్లుగా చెప్తున్నాను, ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, అడిగిన పది నిమిషాల్లో క్లాసు రెండు జట్లు అయిపోతుంది.

ముందు సూటిగా చెప్పేస్తా. అపొల్లో చెప్పింది తప్పు కాదు, తక్కువ. యేసుని గురించి ఆయన సరిగ్గానే బోధించాడని ఈ పుస్తకం రాసిన లూకా అదే వచనంలో రాశాడు. ఆయనకి అందనిది యోహాను తర్వాత జరిగిన భాగం. మళ్లీ బాప్తిస్మం ఇచ్చినట్టు ఎక్కడా రాసి లేదు, ఇవ్వలేదని కూడా రాసి లేదు, కాబట్టి ఈ వచనం పట్టుకుని ఎవరి బాప్తిస్మం మీదా తీర్పు చెప్పకండి. మీ కుర్రాడిని ఆపొద్దు, మైకులో సరిదిద్దొద్దు, ఇంటికి పిలిచి కూర్చోబెట్టి మిగతాది నేర్పించండి. ఒకవేళ అతను చెప్పేది తక్కువ కాకుండా నిజంగానే తప్పు అయితే లెక్క వేరే, దాని గురించి కింద రాశాను.

ఇప్పుడు కారణాలు. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

అపొల్లో అలెక్సంద్రియవాడు, యూదుడు, విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. ఈ నాలుగు మాటల్లో మొదటిదాన్ని మనవాళ్లు ఊరి పేరే కదా అని దాటేస్తారు, నేను మాత్రం క్లాసులో అక్కడే ఆగిపోతా. ఐగుప్తు సముద్ర తీరంలో ఉన్న ఆ పట్టణం రోమా సామ్రాజ్యంలో రోము తర్వాత చెప్పుకోదగ్గంత పెద్దది. హెబ్రీ లేఖనాలు గ్రీకులోకి తర్జుమా అవ్వడం మొదలైంది అక్కడే, క్రీస్తుకి పూర్వం 3వ శతాబ్దంలో. పట్టణంలో 5 పేటలుంటే అందులో 2 యూదుల పేటలనే పిలిచేవాళ్లని అక్కడి యూదు తత్వవేత్త ఫిలో రాశాడు. ఈ ఫిలో యేసుకి, పౌలుకి సమకాలికుడు, మోషే ధర్మశాస్త్రాన్ని గ్రీకు తత్వంతో కలిపి లోతుగా వివరించినవాడు. క్రీ.శ. 38లో ఆ ఊళ్లో యూదుల మీద ఘోరమైన దాడులు జరిగితే చక్రవర్తి దగ్గరకి వెళ్లిన ప్రతినిధి బృందానికి పెద్ద కూడా ఆయనే. అంటే అపొల్లో పెరిగిన చోట లేఖనాలు చదవడం, వాదించడం, అనర్గళంగా మాట్లాడటం ఇవన్నీ పిల్లోడి దగ్గర్నుంచీ నేర్పే విద్యలు. ఆయన ఫిలో దగ్గరే చదువుకున్నాడని కొందరు ప్రసంగీకులు చెప్పేస్తుంటారు, అలా ఎక్కడా రాసి లేదు, మీరు మాత్రం చెప్పకండి.

మరి అక్కడికి యేసు వార్త ఎలా చేరింది? పరిశుద్ధాత్మ దిగిన పెంతెకొస్తు పండగ రోజున యెరూషలేములో ఉన్నవాళ్లలో ఐగుప్తువాళ్లు ఉన్నారు, 2వ అధ్యాయం 10వ వచనం. స్తెఫనుతో వాదించినవాళ్లలో అలెక్సంద్రియవాళ్లున్నారు, 6వ అధ్యాయం 9. పండగలకి వెళ్లొచ్చే జనం, ధాన్యం ఓడలు, వ్యాపారులు, ఇలా ముక్కలు ముక్కలుగా వార్త నడిచే కాలం అది. ఒకడు యోహాను దగ్గర బాప్తిస్మం తీసుకుని ఇంటికెళ్లిపోయి ఉంటాడు, ఇంకొకడు యేసు మాటలు విని వెళ్లిపోయి ఉంటాడు. బేజా అని పిలిచే పాత చేతిరాత ప్రతి ఒకటుంది, సుమారు 5వ శతాబ్దానిది, అందులో అపొల్లో తన స్వదేశంలోనే ఉపదేశం పొందాడని ఒక మాట ఎక్కువ ఉంటుంది. మిగతా మంచి ప్రతుల్లో లేదు గనక దాన్ని వాక్యం అనను గానీ, ఆ రాసినవాడు ఎలా అర్థం చేసుకున్నాడో మాత్రం తెలుస్తుంది.

ఎఫెసులో అప్పటి పరిస్థితి కూడా చూడాలి. పౌలు కొరింథులో 18 నెలలున్నాడు, ఆ టైములోనే గల్లియోను ఆ ప్రాంతానికి రోమా అధిపతిగా ఉన్నాడు. గల్లియోను పేరున్న శాసనం గ్రీసులో డెల్ఫీ దగ్గర దొరికింది కాబట్టి అది క్రీ.శ. 51-52 ప్రాంతం అని గట్టిగా చెప్పొచ్చు. అంతకుముందు క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోము నుంచి వెళ్లగొడితే అకుల, ప్రిస్కిల్ల కొరింథుకి వచ్చి డేరాలు కుట్టుకుంటున్నారు, పౌలుది కూడా అదే పని, అందుకని వాళ్ల ఇంట్లోనే దిగి వాళ్లతో పాటే కుట్టాడు. తర్వాత ముగ్గురూ ఎఫెసుకి వచ్చారు. పౌలు వాళ్లిద్దర్నీ అక్కడ దింపి, సమాజమందిరంలో ఒక్కసారి మాట్లాడి, ఇంకొన్నాళ్లు ఉండమన్నా ఉండకుండా ఓడెక్కి వెళ్లిపోయాడు. అదిగో, పౌలు లేని ఆ ఖాళీలో దిగాడు అపొల్లో. అపొస్తలుడు లేడు, సరిదిద్దే పెద్ద లేడు, ఉన్నది చేతిపని చేసుకునే మొగుడూ పెళ్లాం.

ఆయనకి ఏం తెలియదు అనే దాని మీద నా మాట ఇది. యోహాను చెప్పింది రెండు ముక్కలు: మారుమనస్సు పొందండి, నా వెనక ఒకాయన వస్తున్నాడు ఆయన పరిశుద్ధాత్మలో బాప్తిస్మమిస్తాడు. అపొల్లోకి ఆ వచ్చేవాడు యేసే అని తెలుసు, యేసు సంగతులు వివరంగా చెప్తున్నాడు కదా. కాబట్టి ఆయనకి యేసంటే ఎవరో తెలియదు అనేవాళ్లు వచనం సగమే చదువుతున్నట్టు. కానీ ఆ వచ్చినవాడు ఆత్మని కుమ్మరించేశాడని, ఆయన పేరు మీద బాప్తిస్మం మొదలైందని, యూదులూ అన్యులూ కలిసి ఒక సంఘం అయిందని, ఇదంతా ఆయన దాకా చేరలేదు. వస్తాడు వస్తాడు అన్నది తెలిసి, వచ్చాక ఏం ఇచ్చాడో తెలియకుండా ఉన్నాడు. సిలువ, పునరుత్థానం తెలుసా లేదా అని క్లాసులో గొడవ పడతారు. లూకా ఆ మాట రాయలేదు. యేసు సంగతులు సరిగ్గా బోధించాడు అన్నాక ఆయన చనిపోయి లేచాడన్నది తెలియకుండా ఉంటుందని నేనైతే అనుకోను.

ఇంతవరకు ఎందుకు చెప్పానంటే, ఈ లోటు బోధలో ఎలా బయటపడుతుందో ఒకసారి నా కళ్లారా చూశాను. మా ప్రాంతంలో టైల్స్ పని చేసుకునే ఒక కుర్రాడు ఉండేవాడు, పగలంతా పని, రాత్రి గృహ కూడికల్లో వాక్యం. పాత నిబంధన కంఠతా వచ్చు, ప్రవక్తల్ని తీసుకుని పాపం మీద మాట్లాడితే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేవాళ్లు, మగవాళ్లు తాగుడు మానేస్తామని లేచి నిలబడేవాళ్లు. పై వారం మళ్లీ అదే జనం, అదే ఏడుపు, అదే లేచి నిలబడటం. అక్కడి పాస్టరమ్మ గారు ఒకరోజు అతన్ని భోజనానికి పిలిచారు, నేనూ ఉన్నాను. వసారాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చాలా మామూలుగా అడిగారు, “బాబూ, నువ్వు చెప్పేదంతా నిజమే, నాకూ గుండె కదిలింది. కానీ ఆ లేచి నిలబడినాయన సోమవారం పొద్దున సారా కొట్టు ముందు నుంచే కదా పనికెళ్లాలి, అప్పుడు ఆయనకి సాయం చేసేది ఎవరని చెప్పావు?” కుర్రాడు కాసేపు ఆలోచించి, “మారుమనస్సు గట్టిగా ఉండాలండి” అన్నాడు. ఆవిడ కాయలు పక్కన పెట్టి, “గట్టిగా ఉండేలా చేసేది ఎవరయ్యా?” అని మళ్లీ అడిగి పరిశుద్ధాత్మ సాయం గురించి చెప్పే రోమా 8 తీశారు. ఒక్క రోజులో అయిపోలేదు, చాలా నెలలు వెళ్తూనే ఉన్నాడు ఆ ఇంటికి. తర్వాత అతని ప్రసంగాల్లో కేకలు తగ్గలేదు, ఆ మాట నిజం, కానీ చివర్లో జనానికి పట్టుకుని వెళ్లడానికి ఒకటి దొరికేది.

అపొల్లో ప్రసంగం కూడా అచ్చం ఇలాగే ఉండేదని ప్రమాణం చేసి చెప్పలేను గానీ, యోహాను దగ్గర ఆగిపోయిన బోధ ఎటు తిరిగినా అక్కడికే వస్తుంది. పశ్చాత్తాపం దాకా తీసుకెళ్తుంది, ఆ తర్వాత బలం ఎక్కడిది అంటే జవాబు ఉండదు.

ఇప్పుడు ప్రిస్కిల్ల అకుల ఏం చేశారో చూడండి, ఒకే ఒక్క వచనం, 26. విన్నారు, చేర్చుకున్నారు, విశదపరచారు. ఆ రోజుల్లో సమాజమందిరంలో లేచి మాట్లాడే అవకాశం ఉండేది, పౌలుకి పిసిదియ అంతియొకయలో అధికారులే కబురు పెట్టారు కదా ఏదైనా బోధ ఉంటే చెప్పండి అని. అకుల కావాలంటే అక్కడే లేచి, అయ్యా మీరు చెప్పింది బాగుంది గానీ మీకు అసలు సంగతి తెలియదు అని అనొచ్చు. అనలేదు. పైగా వాళ్లు 18 నెలలు పౌలుతో ఒకే కప్పు కింద సూది పట్టుకుని కూర్చున్నవాళ్లు, వాళ్లకి తెలిసినంత ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు, ఆ గర్వం చూపించే ఛాన్సు అది. చూపించలేదు.

ఇక్కడ ఇంకో గొడవ కూడా వస్తుంది, ప్రిస్కిల్ల పేరు ముందుంది కాబట్టి ఆవిడే ముఖ్యంగా బోధించిందా అని. పాత ప్రతుల్లో ఆవిడ పేరే ముందు, మన తెలుగు బైబిల్లో కూడా అంతే, కొన్ని తర్వాతి ప్రతుల్లో మాత్రం అకుల పేరు ముందుకి జరిగింది. ఆవిడ పెద్దింటి పిల్లా, ఎక్కువ చదువుకుందా అనేవన్నీ ఊహలు. కానీ ఇద్దరూ కలిసి ఆయనకి విశదపరచారన్నది వచనంలోనే ఉంది, దాన్ని చెరిపెయ్యలేం. ప్రసంగ పీఠం మీద స్త్రీలు మాట్లాడొచ్చా అనేది వేరే ప్రశ్న, దానికి వేరే వచనాలున్నాయి, ఇక్కడికి లాక్కురాకండి. నా అనుభవంలో మాత్రం పల్లెల్లో కుర్ర సువార్తికులకి సగం తిండీ సగం సిద్ధాంతమూ పెట్టింది పాస్టరమ్మలే.

అపొల్లో వైపు నుంచి కూడా ఆలోచించండి. అలెక్సంద్రియ విద్వాంసుడు, డేరాలు కుట్టేవాళ్ల ముందు కూర్చుని నేర్చుకున్నాడు. ఆయన ఏమన్నాడో, ఎంతసేపు వాదించాడో లూకా రాయలేదు. కానీ వెంటనే వచ్చే వచనంలో ఆయన కొరింథు ఉన్న అకయ ప్రాంతానికి వెళ్దామనుకుంటే ఎఫెసు సహోదరులు అక్కడి శిష్యులకి ఉత్తరం రాసి పంపారు. అహం దెబ్బతిని వెళ్లిపోయినవాడికి ఎవరూ ఉత్తరం ఇవ్వరు. చాలామంది ఈ ఉత్తరం సంగతి వదిలేస్తారు, నాకైతే ఈ కథలో 26 ఎంత ముఖ్యమో 27 అంతే ముఖ్యం. సరిదిద్దారు సరే, తర్వాత? మనదగ్గర సరిదిద్దిన కుర్రాడిని ఒక మూల కూర్చోబెట్టి కుర్చీలు సర్దమంటాం. వాళ్లు కొరింథు లాంటి పెద్ద పట్టణానికి పేరు రాసి పంపించారు. అక్కడికెళ్లి ఆయన విశ్వాసులకి చాలా సాయం చేశాడు, యేసే క్రీస్తు అని లేఖనాలతో చూపించి బహిరంగంగా వాదించాడు. గమనించారా, ఆయన పాత బలమే పనికొచ్చింది, లేఖనాల జ్ఞానం, వాక్చాతుర్యం, ధైర్యం. ఏదీ తీసెయ్యలేదు. పిల్లర్లు లేచి స్లాబు పడని ఇల్లు చూసి ఇది ఇల్లే కాదని పునాదితో సహా పీకేసే మేస్త్రి ఉండడు కదా, స్లాబు పోస్తాడు.

ఇక బాప్తిస్మం సంగతి. 19వ అధ్యాయం మొదట్లో, అపొల్లో కొరింథులో ఉన్నప్పుడు, పౌలు ఎఫెసుకి తిరిగొచ్చి ఇంచుమించు 12 మంది శిష్యుల్ని చూస్తాడు. వాళ్లది కూడా యోహాను బాప్తిస్మమే. పౌలు అడిగితే పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే మేం వినలేదన్నారు. వాళ్లకి ప్రభువైన యేసు నామంలో బాప్తిస్మం ఇచ్చి చేతులుంచాడు. ఇది చూపించి, అపొల్లోకి కూడా ఇచ్చే ఉంటారు, లూకా రాయడం మర్చిపోయాడు అని ఒక జట్టు. రాయలేదు కాబట్టి ఇవ్వలేదు, పాత బాప్తిస్మం చాలు అని ఇంకో జట్టు. మా గుంటూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన విద్యార్థులకి ఇది పుస్తకంలో గొడవ కాదు, ఇంటి గొడవ. ఒకే ఊళ్లో లూథరన్ చర్చి ఉంటుంది, బాప్టిస్టు చర్చి ఉంటుంది, పెంతెకొస్తు షెడ్డు ఉంటుంది. చిన్నప్పుడు చిలకరింపు పొందిన అమ్మాయిని ముంచుడు సంఘంలో కుర్రాడికి ఇచ్చినప్పుడు మళ్లీ తీసుకోవాలా వద్దా అని పెళ్లి చూపుల దగ్గరే పంచాయితీ నడుస్తుంది, రెండు వైపులవాళ్లూ అపొల్లోనే సాక్షిగా పిలుస్తారు.

నేను చెప్పేది ఏంటంటే అపొల్లో ఈ కేసులో సాక్షి కాదు. ఆ 12 మందికీ ఆయనకీ తేడా ఉంది, వాళ్లు ఆత్మ మాటే వినలేదు, ఆయనేమో యేసు సంగతులు వివరంగా చెప్తూ తీవ్రతతో ఉన్నాడు. వాళ్లు అపొల్లో శిష్యులే అని కూడా కొందరంటారు, లూకా ఆ ముడి వెయ్యలేదు. ఇంకో మాట ఆలోచించండి, అంద్రెయ యోహాను శిష్యుడిగా ఉండి యేసు దగ్గరకొచ్చినవాడు, యోహాను సువార్త 1వ అధ్యాయంలో ఉంది. ఆయనకి తర్వాత యేసు నామంలో నీటి బాప్తిస్మం ఇచ్చినట్టు ఎక్కడైనా చదివారా? లేదు. మరి అంద్రెయని పట్టుకుని ఎవరం వాదించం కదా. బాప్తిస్మం గురించి మీకు తేల్చుకోవాలని ఉంటే అపొస్తలుల కార్యములు 2, 8, 10, రోమా 6 తీసి మీ సంఘ పెద్దలతో కూర్చోండి. నేను ఏ సంఘంవాడినో ఇక్కడ చెప్తే మీరు మిగతా జవాబు చదవరు, అందుకని చెప్పను.

హెబ్రీ పత్రిక అపొల్లోనే రాశాడా అని కూడా ఒక లైను అడిగారు. లూథర్ అలా అనుకున్నాడు, అంతకంటే చాలా ముందు 3వ శతాబ్దంలో ఓరిగెను అనే సంఘ పండితుడు ఆ పత్రిక ఎవరు రాశారో దేవుడికే తెలుసు అని వదిలేశాడు. నేను ఓరిగెను పార్టీ.

సరే, కథ ఇక్కడితో సుఖాంతం అనుకుంటారు, అవ్వలేదు. కొరింథులో ఆయన మాటలకి జనం ఎంత పడిపోయారంటే కొన్నాళ్లకి సంఘం జట్లు కట్టింది. నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి, నేను కేఫా (పేతురు) వాణ్ణి, నేను క్రీస్తువాణ్ణి. ఇప్పుడు మన యూట్యూబ్ కింద నేను ఫలానా అన్న మనిషిని, మీ అన్న మా అన్న ముందు నిలబడలేడు అని కొట్టుకునేవాళ్లు కొత్తగా పుట్టలేదన్నమాట. పౌలు మొదటి కొరింథీ పత్రిక రాస్తూ ఈ జట్ల మీద గట్టిగానే మందలించాడు, కానీ అపొల్లో మీద ఒక్క విసురు మాట వెయ్యలేదు. నేను నాటాను, అపొల్లో నీళ్లు పోశాడు, పెంచింది దేవుడు అన్నాడు. అదే పత్రిక చివర్లో, 16:12లో, అపొల్లోని మీ దగ్గరకి వెళ్లమని చాలా బతిమాలాను, ఇప్పుడు రావడానికి ఆయనకి ఎంతమాత్రం మనసు లేదు, వీలైనప్పుడు వస్తాడు అని రాశాడు. ఎందుకు మనసు లేదో రాయలేదు. నా ఊహ మాత్రం, ఆయన వెళ్తే ఆయన జట్టువాళ్లు దండలు పట్టుకుని ఎదురొస్తారని ఆయనకి తెలుసు, అందుకే ఆగాడు. ఊహే, ప్రసంగంలో సిద్ధాంతంగా చెప్పకండి. కానీ పౌలు పంపాలనుకోవడం చూడండి, తన పేరుకి పోటీగా జనం నిలబెట్టిన మనిషిని అదే ఊరికి మళ్లీ వెళ్లమని బతిమాలుతున్నాడు. చాలా కాలం తర్వాత తీతుకి రాసినప్పుడు కూడా జేనాకి, అపొల్లోకి ప్రయాణంలో ఏమీ తక్కువ కాకుండా చూడమన్నాడు. వాళ్లిద్దరి మధ్య ఏదో ఉందని కథలల్లేవాళ్లకి ఈ రెండు వచనాలు చూపిస్తే చాలు.

ఇప్పుడు మీ కుర్రాడి దగ్గరకి వద్దాం.

మొదట ఒక్కటి తేల్చుకోండి, అతను చెప్పేది తక్కువా, తప్పా. రెండూ ఒకటి కాదు. తక్కువ అంటే చెప్పినంతవరకు వాక్యానికి సరిపోతుంది, కొన్ని విషయాల దగ్గర ఆగిపోతాడు. తప్పు అంటే చెప్పింది వాక్యానికి అడ్డం తిరుగుతుంది. కానుక ఇస్తేనే స్వస్థత అనడం, నూనె సీసాలు అమ్మడం, నాకు దర్శనంలో చెప్పాడు కాబట్టి బైబిల్లో లేకపోయినా మీరు చెయ్యాల్సిందే అనడం, ఇలాంటివి మీరు అపొల్లో ఖాతాలో వెయ్యకండి. అదే 19వ అధ్యాయంలో స్కెవ కొడుకులు ఏడుగురున్నారు, వాళ్లకి యేసు పేరు వాడుకోవడం తెలుసు, యేసు తెలియదు, దయ్యం పట్టినవాడు కొట్టి తరిమాడు. సువార్తనే మార్చి చెప్పేవాడి గురించి పౌలు గలతీయుల 1వ అధ్యాయంలో వాడిన భాష ఎంత కఠినంగా ఉందో మీకు తెలుసు. అలాంటప్పుడు మైకు ఆపడమే కరెక్టు, భోజనానికి పిలవడం తర్వాత.

తక్కువే అయితే, ముందు అతని ప్రసంగాలు కొన్ని పూర్తిగా వినండి. ఎవరో చెప్పింది విని, వాట్సాప్‌లో వచ్చిన ముక్క చూసి పిలవొద్దు. ప్రిస్కిల్ల అకుల సొంత చెవులతో విన్నారు. పిలిచేటప్పుడు కమిటీ మొత్తం కూర్చుని పిలిస్తే అది విచారణ అయిపోతుంది, కుర్రాడు జవాబులు వెతుక్కుంటాడు గానీ నేర్చుకోడు. ఒక భార్యాభర్తల ఇంట్లో, ఫోన్లు రికార్డింగులు లేకుండా, అన్నం పెట్టి మాట్లాడండి. అతను సరిగ్గా చెప్పినదాన్ని ముందు పేరు పెట్టి చెప్పండి, మొహమాటానికి కాదు, నిజంగా బాగున్నది ఏదో అది. తర్వాత ఒక్క లోటే తీసుకోండి. పది లోట్లు ఒకేసారి ముందు పోస్తే ఎవడైనా చేతులెత్తేస్తాడు.

మైకులో సరిదిద్దితే ఏమవుతుందో కూడా చూశాను. ఒక ఊళ్లో ఉజ్జీవ కూటాల్లో కుర్రాడు వాక్యం ముగించి కూర్చోగానే పాస్టర్ గారు లేచి, ఇప్పుడు తమ్ముడు చెప్పినదాంట్లో మూడు తప్పులున్నాయి అని మొదలుపెట్టారు. మూడూ నిజమే, సిద్ధాంతపరంగా పాస్టర్ గారే కరెక్టు. కానీ కుర్రాడి తల్లి అదే పందిరి కింద ముందు వరసలో కూర్చుని ఉంది. కొన్నాళ్లకి రోడ్డుకి అవతల ఇంకో రేకుల షెడ్డు లేచింది, ఆ మూడు తప్పులూ ఇప్పటికీ అక్కడ ప్రతి ఆదివారం నడుస్తున్నాయి, సరిదిద్దేవాడు లేక.

కొందరు పెద్దలు నాతో అంటారు, ముందు సెమినరీకి పంపి పూర్తిగా చదివించాకే మాట్లాడనివ్వాలని. చదువు వద్దని నేనెందుకంటాను, నా పనే అది. కానీ మన దేశంలో ఏం జరిగిందో చూడండి. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో ఊళ్లు తిరిగి వాక్యం చెప్పినవాళ్లలో చాలామంది పెద్ద చదువులు లేని పల్లె జనమే. ఆ రోజుల కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం దగ్గర పగలు కూలీల్ని పని చేయించి సాయంత్రం వాళ్లకి వాక్యం నేర్పారు, అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని క్లౌ గారు కరువు సహాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చారు. అంతమందికి ఒక్కసారిగా పూర్తి సిద్ధాంతం తెలుసని ఎవరూ అనరు, చెప్పినవాళ్లకీ అంతా తెలుసని అనరు. ఊళ్లల్లో బడులు, రామాయపట్నం సెమినరీ వీటి మీద మిషను అంత కష్టపడింది అందుకే. మాట్లాడటమూ నేర్చుకోవడమూ పక్కపక్కనే నడిచాయి.

ఒక జాగ్రత్త మాత్రం. వాక్యం చెప్పనివ్వడం వేరు, చేతులుంచి సంఘ కాపరిగా నిలబెట్టడం వేరు. తొందరపడి ఎవరి మీదా చేతులుంచొద్దని తిమోతికి రాశాడు కదా. మీ కుర్రాడికి యౌవనస్థుల కూటం, గృహ కూడికలు ఇవ్వండి, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, పెళ్లిళ్ల దాకా అప్పుడే తీసుకెళ్లొద్దు. అలాగే నేర్పించేటప్పుడు అతను ఎలా వింటున్నాడో చూడండి. వాదించినా పర్లేదు, తెలివైనవాడు వాదిస్తాడు. వాదించి ఇంటికెళ్లి చదువుకుని మళ్లీ వస్తున్నాడా, లేక రావడమే మానేసి అవతల మీ గురించి చెప్తున్నాడా అన్నదాన్ని బట్టి మీకు తెలిసిపోతుంది.

వస్తున్నాడనుకోండి, కొన్నాళ్లకి పక్క ఊరి సంఘానికి మీరే ఒక ఉత్తరం రాసి పంపండి, మీ లెటర్‌హెడ్ మీద, మీ సంతకంతో, ఇతను మా బిడ్డ, వాక్యం వినండి అని. ఇది మాత్రం మర్చిపోవద్దు, మిగతావన్నీ చేసి ఇక్కడ ఆగిపోయే సంఘాలే ఎక్కువ.

మీరు రాసినదాంట్లో అతను క్రీస్తు రెండో రాకడ మీద, తీర్పు మీద బాగా చెప్తాడు అన్నారు గానీ ఏ విషయం దగ్గర ఆగిపోతున్నాడో రాయలేదు. కృప దగ్గరా, పరిశుద్ధాత్మ దగ్గరా, సంఘం దగ్గరా? అది చెప్తే ఏ భాగంతో మొదలుపెట్టాలో చెప్తాను. ఈలోపు లూకా 24, అపొస్తలుల కార్యములు 2 మీరూ అతనూ కలిసి పైకి చదవండి, మధ్యలో ఎక్కడ అతను ప్రశ్న వేస్తే అక్కడ ఆగండి.